మంచులో తూర్పుకి నడిచిన బండి

దేశం కాని దేశంలో, కార్లు తయారయ్యే ట్రాయ్‌లో మా మూడో చలికాలం నాటికి నా ఉద్యోగం నాలుగు బియ్యం బస్తాల మీద నిలబడి ఉండేది. మాట వరసకు అనడం లేదు. నిజంగానే బస్తాల మీద.

నేనప్పుడు కారు సీట్లకు కవర్లు కుట్టే ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. ఇంటికి పన్నెండు మైళ్ళ దూరం. పొద్దున ఏడింటికల్లా అక్కడి గడియారంలో కార్డు పెట్టి గుద్దించుకోవాలి. వేళకు వస్తే కార్డు మీద నల్ల అంకెలు పడతాయి, ఒక్క నిమిషం దాటినా ఎర్ర అంకెలు పడతాయి. నేను చదివింది ఐదో తరగతి. పెళ్ళికి ముందు తెనాలి దగ్గర మా ఊళ్ళో తొక్కుడు మిషను మీద జాకెట్లూ లంగాలూ కుట్టడం నేర్చుకున్నాను. ఆ కుట్టుపని ఇంత దూరం నాతో వస్తుందని అప్పుడు అనుకోలేదు. మా ఆయన ఇంజనీరు. ఆయన జీతంతో ఇల్లు సుఖంగానే గడిచేది. నేను పనికి వెళ్ళకపోయినా అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ ఫ్యాక్టరీలో పదకొండో నంబరు మిషను నాది. దాని ముందు కూర్చున్నంతసేపూ ఇంగ్లీషు రాకపోయినా ఎవరూ నన్ను జాలిగా చూసేవాళ్ళు కాదు. నేను కుట్టిన సీటు మీద ముక్కూ మొహం తెలియని మనిషెవరో కూర్చుని ఎక్కడికో పోతుంటాడని తలుచుకుంటే నాకు నవ్వొచ్చేది, గొప్పగానూ ఉండేది.

మా ఆయన పక్క అపార్ట్‌మెంటు స్నేహితుడి కారులో ఆఫీసుకు వెళ్ళేవారు. మా పాత కారు నాకు వదిలేశారు. అది కారు కాదు, పడవ. ముందు నుంచి వెనకదాకా నడిచి వెళ్ళేసరికి ఆయాసం వచ్చేది. వెనక చక్రాలు మాత్రమే లాగే బండి కావడంతో మంచు పడితే వెనక భాగం ఎటు బుద్ధి పుడితే అటు పోయేది. ఇక్కడివాళ్ళు ఇలాంటి బండ్లకు వెనక డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకుంటారు. బరువుంటే చక్రం నేలను పట్టుకుంటుందట. మా ఆయన ఆ సంగతి విని, ఇసుక కొనడమెందుకు, ఇంట్లో బియ్యం బస్తాలున్నాయి కదా అన్నారు. పాతిక పౌన్లవి నాలుగు బస్తాలు తీసుకెళ్ళి డిక్కీలో పెట్టారు. డిసెంబరు నెలంతా బండి బుద్ధిగా నడిచింది.

అయితే ఆ బియ్యం మేం తినాల్సిన బియ్యం.

ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఇంట్లో డబ్బా ఖాళీ అయినప్పుడల్లా డిక్కీలోంచి ఒక బస్తా తెచ్చుకునేవాళ్ళం. దానికి తోడు మా ఆయన ఆఫీసులో కొత్తగా ముగ్గురు బ్రహ్మచారులు చేరారు. ప్రతి ఆదివారం భోజనానికి మా ఇంటికే. వాళ్ళు పులిహోర మూడోసారి వడ్డించుకుంటుంటే నేను సంతోషపడేదాన్ని కానీ, సోమవారం పొద్దున బండి వెనక భాగం తేలికైపోవడానికీ దానికీ సంబంధం ఉందని నాకు తెలియదు. జనవరిలో ఒక్క బస్తా మిగిలిన రోజున ఒక కూడలి దగ్గర బండి చుట్టూ తిరిగి, నేను వచ్చిన దారి వైపే మొహం పెట్టి ఆగింది. ఆ రోజు కార్డు మీద ఎర్ర అంకెలు పడ్డాయి. ఆ వారం చివర ఆఖరి బస్తా కూడా తినేశాం. దాని స్థానంలో మినప్పప్పు సంచీ, రెండు పచ్చడి జాడీలు పెట్టుకుని బయలుదేరాను. జాడీలు నిలబడ్డాయి, బండి నిలబడలేదు. రోడ్డు పక్క గుంటలోంచి లాగించుకుని వెళ్ళేసరికి ఎనిమిది దాటింది. రెండో ఎరుపు.

మా సూపర్‌వైజర్ ఒక పొడుగాటి తెల్లావిడ. ఫ్యాక్టరీకి ఎదురింట్లోనే ఉండేది కాబట్టి ఆవిడకి మంచు అంటే కిటికీలోంచి చూడ్డమే. కోపంగా ఏమీ అనలేదు. నా పని మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదంది. కానీ మూడో ఎర్ర అంకె పడితే పదకొండో నంబరు మిషను ఇంకొకరికి ఇచ్చేస్తానని, ఇది తన నియమం కాదని, పైవాళ్ళదని చెప్పింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన పేపరు మడిచి, తేలిగ్గా తేల్చేశారు.

"చలికాలం మానెయ్. ఏప్రిల్లో మళ్ళీ చేరొచ్చు."

"ఏప్రిల్‌కి నా మిషను మీద ఇంకెవరో కూర్చుంటారండీ. మీ కుర్చీలో ఇంకెవరైనా కూర్చుంటే మీరు ఏప్రిల్ దాకా ఆగుతారా?"

ఆయన మళ్ళీ పేపరు విప్పారు. ఒక పేజీ తిప్పాక, నాలుగు చక్రాలూ లాగే బండి ఒకటి చూద్దాం, పాతదైనా సరే అన్నారు.

ఇప్పుడు ఆ బండ్లను ఎస్‌యూవీలంటున్నారు. అప్పట్లో మా మాటల్లో ఆ పేరు లేదు. ఏ కంపెనీదైనా సరే, ఎత్తుగా, పెట్టెలాగా, మొరటుగా ఉంటే మేం జీపు అనేసేవాళ్ళం.

కొనే పని మొదలుకాగానే పక్క అపార్ట్‌మెంటు అన్నయ్యగారు దిగారు. మా ఆయన్ని కారులో తీసుకెళ్ళే స్నేహితుడు ఈయనే. వరంగల్లు మనిషి. నన్ను చెల్లె అంటారు కాబట్టి మా ఆయన్ని బావా అంటారు. కార్ల ఊళ్ళో కార్ల ఇంజనీర్లు ఇద్దరు ఇంట్లో ఉంటే నాకేం దిగులని మీరనుకోవచ్చు, నేనూ అనుకున్నాను. తీరా చూస్తే మా ఆయన పదేళ్ళుగా వైపర్లు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. అన్నయ్యగారు డోరు హ్యాండిళ్ళు. కారులో మిగతాదంతా ఇద్దరికీ నాకెంత తెలుసో అంతే తెలుసు. కాకపోతే ఇంగ్లీషులో తెలుసు.

అన్నయ్యగారికి ఇంకో పదవి కూడా ఉండేది. చుట్టుపక్కల ముప్ఫై మైళ్ళలో పంచాంగం ఉన్నది ఆయన దగ్గరే. ఎవరి ఇంట్లో సత్యనారాయణ వ్రతం అయినా, ఎవరు ఇల్లు మారినా ఆయనకే ఫోను. అయితే ఆ పంచాంగం బెజవాడలో అచ్చయింది. అందులోని వేళలు ఇక్కడికి పనికొస్తాయా, రావా అని ఈయనకూ మా ఆయనకూ ఎప్పటి నుంచో తగువు. రాహుకాలం సూర్యుణ్ణి బట్టి వస్తుంది, ఇక్కడ సూర్యుడు ఎనిమిదింటికి లేస్తాడు కాబట్టి ఇక్కడి లెక్క ఇక్కడే కట్టాలని ఈయన కాలిక్యులేటరు తీసేవారు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చూడాలి, ఎవడికి వాడు లెక్క కట్టుకుంటే ఇక పంచాంగం ఎందుకని మా ఆయన. ఇద్దరూ పంచాంగాన్ని పూర్తిగా నమ్మేవారు, ఒకరి పంచాంగాన్ని ఒకరు మాత్రం నమ్మేవారు కాదు.

ఇంకోటి కూడా. శనివారం ఇనుము కొనకూడదు. కారంటే ఇనుమే. కానీ ఇద్దరికీ సెలవు శని, ఆదివారాలే. అన్నయ్యగారు ఆలోచించి, చూడ్డానికి శనివారం, కొనడానికి ఆదివారం అని తీర్పు చెప్పారు. చూసిన ఇనుముకి దోషం లేదట.

మా ఆయన గ్రాఫ్ పేపరు మీద గడులు గీశారు. ఇంజను, టైర్లు, హీటరు, రేడియో, రంగు, ఒక్కోదానికి పది మార్కులు. చివర 'నమ్మకం' అని ఒక గడి. అది ఎలా కొలుస్తారని అడిగితే, చివర్లో చూద్దామన్నారు.

శనివారం పొద్దున చూసిన మొదటి బండి ధగధగలాడిపోతోంది. మార్కుల కాగితం నిండిపోతోంది, ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. అమ్మేవాడు కుర్రాడు, మాటకు ముందు చిరునవ్వు. నేను లోపల కూర్చుని సీటు అంచు తడిమాను. కొత్త కవరు. కుట్టు ఫ్యాక్టరీది కాదు. దారం తక్కువ రకం, మూల మడతలో తొందర కనపడుతోంది. సీటు దాకా మార్చినవాడు కింద కార్పెట్టు కూడా ఎందుకు మార్చాడా అని దాని మూల పట్టుకుని పైకి లేపాను. కింద నేల లేదు. నేలంటే బండి నేల లేదు, భూమి ఉంది. నా కాళ్ళ సందులోంచి తెల్లగా మంచు కనపడింది. ఇక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు బండి కింది ఇనుమును అప్పడంలా నమిలేస్తుంది. నేను మా ఆయన్ని పిలిచి చూపించాను. కుర్రాడు కూడా వంగి చూసి, ఎండాకాలంలో చల్లగా ఉంటుందన్నాడు.

మధ్యాహ్నం చూసిన రెండో బండి అంత మెరుపు లేదు గానీ తాళం తిప్పగానే గుర్రంలా లేచింది. మా ఆయన ఇంజనుకు పదికి పది వేయబోతుంటే అన్నయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, పిల్లల నుదురు చూసినట్టు చూశారు.

"బావా, దీనికి జరమొచ్చింది."

మేం రాకముందే దాని ఇంజను ఎవరో ఆడించి వేడి చేసి ఉంచారన్నమాట. అమ్మే పెద్దమనిషి ఇప్పుడే కొట్టుకెళ్ళి వచ్చానన్నాడు. కానీ వాకిట్లో రాత్రి పడిన మంచు మీద ఒక్క చక్రం గుర్తు లేదు. అన్నయ్యగారు ఇది చల్లారాక మళ్ళీ చూస్తామని చెప్పి మమ్మల్ని తన కారులో కూర్చోబెట్టారు. ఆ ఇంటి ముందు గంటన్నర కూర్చున్నాం. నేను తెచ్చిన పెరుగన్నం తిన్నాం, ఆవకాయ వాసనకు అద్దాలు దించుకున్నాం, చలికి మళ్ళీ ఎత్తుకున్నాం. ఆ పెద్దమనిషి కిటికీ తెర తొలగించి మమ్మల్ని చూసి మళ్ళీ మూసేసేవాడు. తర్వాత తాళం తిప్పిస్తే, చుట్ట తాగే తాతయ్యలా బండి దగ్గి, దగ్గి, ఊరుకుంది. అయినా ఆ బండికి రేడియో బాగుందని మా ఆయన ఆ కాగితం పారెయ్యలేదు.

ఆదివారం మూడో బండి. ఊరికి ఉత్తరాన గంట దూరంలో ఒక ముసలి రైతు దగ్గర ఉంది. మధ్యాహ్నం భోజనం కాగానే బయలుదేరాం. మ్యాపు అన్నయ్యగారి ఒళ్ళో, పంచాంగం దాని మీద. మ్యాపు చూడాల్సినప్పుడు పంచాంగం చూడ్డం వల్లనో ఏమో దారి తప్పి నాలుగింటికి పావుగంట ముందు చేరాం. ఆదివారం రాహుకాలం సాయంత్రం వస్తుంది. అన్నయ్యగారి లెక్కన నాలుగూ పదికి మొదలు. మా ఆయన లెక్కన అచ్చులో ఉన్నట్టు నాలుగున్నరకి. ఏ లెక్కన చూసినా తొందరపడాలి.

బండి రంగు ఎండిన పేడ రంగు. మా ఆయన రంగుకి రెండు మార్కులు వేశారు. రేడియో లేదు, ఉన్నచోట కన్నం ఉంది. హీటరు గొణుగుతుంది గానీ వేడి ఇవ్వడానికి తీరిగ్గా ఆలోచిస్తుంది. నేను మాత్రం డ్రైవరు సీటు దగ్గర ఆగిపోయాను. దిగేటప్పుడు ఒళ్ళు రాసుకునే అంచు దగ్గర పాత కవరే ఒకచోట చిరిగితే చేత్తో కుట్టారు. ఎంత దగ్గర కుట్లో. గట్టి దారానికి మైనం పట్టించి, వెనక్కి వెనక్కి వేసిన కుట్టు. ఎవరు కుట్టారని సైగ చేసి అడిగితే ముసలాయన ఇంటి వైపు చూపించాడు, ఆయన భార్యట. చిరుగు కనపడ్డ రోజునే కూర్చుని కుట్టి ఉంటుందనిపించింది. కార్పెట్టు లేపి చూశాను. కింద ఇనుము పాతదే, కానీ ఉంది.

ముసలాయన లోపల గేరు కర్ర పక్కనే ఉన్న ఇంకో చిన్న కర్రను చూపించి, నాలుగు చక్రాలూ లాగాలంటే దాన్ని ఇలా వెనక్కి వెయ్యాలని, దానికంటే ముందు బయట ఏవో తిప్పాలని చెప్పాడు. ఆ 'ఏవో' ఏమిటో నాకు అర్థం కాలేదు. మా ఇద్దరు ఇంజనీర్లూ మాత్రం తెలుసు తెలుసన్నట్టు తల ఊపారు. తెలియని మాట విన్నప్పుడు మా ఆయన తల మామూలు కంటే రెండుసార్లు ఎక్కువ ఊపుతారు. ముసలాయన నమ్మేసి, నడిపి చూసుకోండని తాళం ఇచ్చి, బండి కాగితాలు వెతకడానికి లోపలికి వెళ్ళాడు.

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. బండి రెండు వైపులా తలుపుల్లేని పాకలో నిలబడి ఉంది. దాని వెనక చక్కగా ఊడ్చిన దారి, ఆ దారి పడమటి వైపు రోడ్డెక్కుతుంది. దాని మూతి ముందు తూర్పు, తూర్పున ఖాళీ పొలం, పొలం నిండా మోకాల్లోతు మంచు. ఈ దేశంలో పుట్టిన ఎవరైనా బండి వెనక్కి తీసి రోడ్డెక్కుతారు. మేం అలా ఎలా చేస్తాం? మొదటిసారి మనం ఎక్కి కూర్చున్న బండి వెనక్కి నడవకూడదు. పైగా తూర్పు ఎదురుగా ఉండగా పడమటికి పోవడమేమిటి? ఈ ఒక్క విషయంలో మా ఆయనా అన్నయ్యగారూ ఒక్క మాట మీద ఉన్నారు. వాళ్ళిద్దరూ కలిసినందుకే నేను భయపడాల్సింది.

మా ఆయన ఆ చిన్న కర్ర వెనక్కి వేసి, దణ్ణం పెట్టుకుని, ముందుకు పోనిచ్చారు. బండి పాకలోంచి దర్జాగా బయటకు వచ్చి, పొలంలోకి ముప్ఫై అడుగులు వెళ్ళి, కూర్చుంది.

ఇంకా తొక్కారు. వెనక చక్రాలు గిర్రున తిరిగి తమ గుంటలు తామే తవ్వుకున్నాయి. అన్నయ్యగారు దిగి వెనక నుంచి నెట్టబోతే చక్రాలు చిమ్మిన మంచు ఆయన్ని నెత్తి నుంచి పాదం దాకా తెల్లగా చేసేసింది. కళ్ళజోడు మీద వైపరులా వేళ్ళు ఆడించుకుంటూ వాచీ చూసుకున్నారు.

"ఇంకా ఆరు నిమిషాలే ఉన్నయి బావా. రాహుకాలంల ఈడనే ఇరికిపోతే ఇగ ఈ బండి మనకొద్దు."

"ఇరవయ్యారు నిమిషాలున్నాయి. ముందు నువ్వు నెట్టు."

ఇదీ కాదంటే మళ్ళీ వచ్చే శని, ఆదివారాల దాకా ఆగాలి. ఈలోగా అయిదు పొద్దున్నలున్నాయి, మా పడవ ఉంది, డిక్కీలో మినప్పప్పు ఉంది. పదకొండో నంబరు మిషను మీద ఇంకెవరో కూర్చుని, నా కత్తెర పక్కకు నెట్టి, కుర్చీ ఎత్తు మార్చుకుంటున్నట్టు కనపడింది.

అప్పుడు అన్నయ్యగారికి నిమ్మకాయలు జ్ఞాపకం వచ్చాయి. నిమ్మకాయలు తొక్కించకుండా బండి కదిపినందుకే ఇలా అయిందన్నారు. నా సంచిలో అయిదున్నాయి, చక్రాలకు నాలుగు, స్పేర్ టైరుకి ఒకటి. పసుపు, కుంకుమ కూడా తెచ్చాను. చీర కుచ్చెళ్ళు బూట్లలోకి దోపుకుని మంచులో ఈదుకుంటూ ముందు చక్రం దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. నిమ్మకాయ పెట్టి, చక్రం నడిమి భాగాన పసుపు రాద్దామని అక్కడి మంచు కొంగుతో తుడిచాను. కింద గుండ్రటి బిళ్ళ ఒకటి కనపడింది. తిప్పడానికి వీలుగా మధ్యలో ఎత్తుగా ఉంది. అటొక మాట, ఇటొక మాట రాసి ఉన్నాయి, నడుమ ఒక బాణం గుర్తు.

దాన్ని చూస్తుండగానే మా ఆయన ఇంకోసారి తొక్కారు. ఇంజను అరిచింది, వెనక చక్రాలు తిరిగాయి. నా కళ్ళ ముందున్న చక్రం మాత్రం చుట్టపు చూపుగా వచ్చినట్టు కదలకుండా కూర్చుంది.

నాకు మా ఊరి మిషను కళ్ళ ముందు కనపడింది. కుట్టు మిషనుకు కుడి పక్క చక్రం ఉంటుంది కదా, దాని నడుమ చిన్న బిళ్ళ ఉంటుంది. బాబిన్‌కి దారం చుట్టుకునేటప్పుడు ఆ బిళ్ళ వదులు చేస్తాం. అప్పుడు చక్రం ఎంత తిరిగినా సూది కదలదు. బిళ్ళ బిగించడం మరిచిపోయి కూర్చుంటే, ఎంత తొక్కినా ఒక్క కుట్టు పడదు. కొత్తగా నేర్చుకునే ప్రతి పిల్లా ఒకసారైనా అలా తొక్కి తొక్కి, మిషను పాడైపోయిందని ఏడుస్తుంది. నేనూ ఏడ్చాను.

"అన్నయ్యగారూ, ఇది బాబిన్ చుడుతోంది," అన్నాను.

"ఏందది చెల్లె?"

"మీరు కాసేపు తొక్కడం ఆపమనండి ఆయన్ని."

మా ఆయన అద్దం దించి తల బయటపెట్టారు. "ఏం ముట్టుకుంటున్నావక్కడ? దాన్నేం చెయ్యకు, అది అలంకారానికి పెడతారు."

అలంకారానికైతే బాణం గుర్తెందుకని నేను బిళ్ళను కొంగుతో పట్టుకుని బలంగా తిప్పాను. టక్కుమని పడింది, అచ్చం మా మిషనులాగే. లేచి, అటు చక్రం దగ్గరికి పోయి అక్కడ కూడా నిమ్మకాయ పెట్టి, మంచు తుడిచి బిళ్ళ తిప్పాను. రెండింటికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, పక్కకు తప్పుకుని, ఇప్పుడు మెల్లిగా తొక్కమన్నాను.

ముందు చక్రాలు రెండూ తిరిగాయి. బండి ఒకసారి ఒళ్ళు విరుచుకుని, గుంటలోంచి లేచి, మంచును చీల్చుకుంటూ తూర్పుకు పోయింది. ఆగలేదు. పొలం చివర కంచె దాకా పోయి, తిరిగి, ఇంకో చుట్టు కొట్టింది. డ్రైవింగు చేస్తూ మా ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. అన్నయ్యగారు వాచీ పైకెత్తి చూపిస్తూ బండి వెంట పరిగెత్తి, ఒక బూటు మంచులో పోగొట్టుకున్నారు. కాగితాలు పట్టుకుని వచ్చిన ముసలాయన గడప దగ్గరే నిలబడిపోయాడు. పక్కనే చక్కటి దారి ఉండగా పొలంలో ఎందుకు తిరుగుతున్నారో ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

నిమ్మకాయలు మాత్రం చితకలేదు. చలికి రాళ్ళలా గడ్డకట్టి, చక్రం కింద మంచులోకి దిగిపోయాయి. చితకని నిమ్మకాయ లెక్కలోకి వస్తుందా రాదా అని ముసలాయన వంటింటి బల్ల దగ్గర చాలాసేపు చర్చ జరిగింది. అక్కడే మా ఆయన మార్కులు కూడారు. పేడరంగు బండికి నిన్నటి జ్వరం బండి కంటే నాలుగు మార్కులు తక్కువ వచ్చాయి. రేడియో దగ్గరా రంగు దగ్గరా దెబ్బతిందన్నారు. 'నమ్మకం' గడి ఇంకా ఖాళీగానే ఉంది.

"మార్కులు మీవి. పొద్దున ఆ రోడ్డు మీద పోయేది నేను," అన్నాను.

ఆయన కాసేపు కాగితం వంకా నా బూట్ల వంకా చూశారు. తర్వాత ఆ గడిలో పది వేసి, సరిపోలేదని దాన్ని పదిహేను చేశారు.

సంతకాలు మాత్రం వెంటనే కాలేదు. అన్నయ్యగారి రాహుకాలం అప్పటికే వచ్చేసింది. అది పోయేసరికి మా ఆయన రాహుకాలం నడుస్తూ ఉంటుంది. ఇద్దరివీ గౌరవించాలంటే ఆరింటి దాకా ఆగాలి. రైతు భార్య యాపిల్ ముక్కలు కూరి కాల్చిన 'పై' అనే తీపి రొట్టె పెట్టింది, కాఫీ ఇచ్చింది, మళ్ళీ ఆ రొట్టే పెట్టింది. మేం కదలకపోయేసరికి దేనికోసం చూస్తున్నారని ముసలాయన మెల్లిగా అడిగాడు. మా ఆయన ఇంగ్లీషులో సూర్యుడి గురించి ఏదో వివరించారు. ముసలాయన కిటికీలోంచి ఆకాశం చూసి, వాళ్ళ నాన్న కూడా చంద్రుణ్ణి చూడకుండా బంగాళాదుంపలు నాటేవాడు కాదని చెప్పి, తనకూ ఇంకో ముక్క వేయించుకున్నాడు. ఆరు కొట్టగానే సంతకాలు చేశాం.

ఆ సోమ, మంగళ, బుధవారాలు పొడిగా గడిచాయి. గురువారం పొద్దున లేచేసరికి కిటికీ సగం దాకా మంచు. రేడియోలో స్కూళ్ళు మూసేశారని చదువుతున్నారు. మా ఆయన ఆఫీసూ మూసేశారు. ఆయన దుప్పటి లాక్కుంటూ, ఇవాళ ఎవరూ రారు, పడుకోమన్నారు. ఎవరూ రాని రోజైనా ఎర్ర అంకె ఎర్రగానే పడుతుందని నేను బయలుదేరాను. రెండు బిళ్ళలూ తిప్పి, కర్ర వెనక్కి వేసి, ఇరవై మైళ్ళ వేగాన పోయాను. దారి పొడుగునా గుంటల్లో కార్లు ఆవుల మందలా పడుకుని ఉన్నాయి. ఏడింటికి నాలుగు నిమిషాలుండగా కార్డు గుద్దాను. నల్లగా పడింది. చూసుకుని, మళ్ళీ చూసుకున్నాను.

తలెత్తితే ఇరవై రెండు మిషన్లలో ఒక్కటీ మోగడం లేదు. సూపర్‌వైజర్ ఒక్కతే ఫోను పట్టుకుని నిలబడి ఉంది. రాలేమని ఒకరి తర్వాత ఒకరు చెబుతున్నారు. సాయంత్రానికి సీట్ల కవర్ల లారీ పోవాలి. ఆవిడ ఫోను పెట్టేసి, కిటికీలోంచి బయట నిలబెట్టిన మా బండిని చూసింది. చక్రాల మీద ఆ పసుపేమిటని అడిగింది. చలికి మందన్నాను. తల ఊపి, అందులో ఎంతమంది పడతారని అడిగింది.

ఆ రోజు అయిదుగురిని ఇళ్ళకు పోయి తెచ్చాను. మర్నాడూ తెచ్చాను. మంచు తగ్గినా వాళ్ళు బస్సు ముఖం చూడలేదు, ఆవిడా ఆపమనలేదు. అందరిలోకీ పెద్దామె పోలండు నుంచి వచ్చిన ఒక మామ్మ. సీటు అంచు వెంట తాడులా వచ్చే పైపింగు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమె కుట్టి ఇస్తేనే మిగతావాళ్ళ పని ముందుకు సాగుతుంది.

మార్చిలో ఒకరోజు ఆ మామ్మ ఇంటి ముందు హారను కొడితే రాలేదు. లోపలికి వెళ్ళి చూస్తే కట్టుడు పళ్ళ సెట్టు కనపడక వెతుకుతోంది. పళ్ళు లేకుండా పనికి రానంటుంది. మిగతా నలుగురూ దిగి వెతికారు. నేనూ సోఫా కింద దూరాను. చివరికి బ్రెడ్డు డబ్బాలో దొరికాయి. ఫ్యాక్టరీ చేరేసరికి ఏడూ పదకొండు. కార్డు గుద్దితే నాకు మూడో ఎరుపు.

సూపర్‌వైజర్ గడియారం పక్కనే నిలబడి ఉంది. నేను కార్డు తీసుకుని ముందు నిలబడ్డాను, నా వెనక అయిదుగురు. ఆవిడ నన్ను చూసింది, నా వెనక వరుసను చూసింది, ఆపైన ఖాళీగా ఉన్న ఆరు మిషన్లను చూసింది. నడుముకున్న తాళాల గుత్తి తీసి, గడియారం తలుపు తెరిచి, ముల్లును వెనక్కి తిప్పింది.

ఈ గడియారం నిన్నటి నుంచీ తొందరపడుతోందని చెప్పింది.

ఆరుగురికీ నల్ల అంకెలు పడ్డాయి. వెళ్ళి నా మిషను ముందు కూర్చుని, చక్రం నడిమి బిళ్ళ బిగించుకుని కుట్టడం మొదలుపెట్టాను. సాయంత్రం మాత్రం, వెనక్కి తిప్పిన అదే గడియారం పని వదిలే మూడున్నర చూపించేదాకా ఆవిడ ఒక్కరినీ కదలనివ్వలేదు. వరుసలో నా వెనక నిలబడి మామ్మ తన భాషలో తిడుతూనే ఉంది. ఎవర్ని తిడుతోందో తెలియదు గానీ, పళ్ళున్నాయి కాబట్టి ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.